ఇంజన్ నీళ్లు పట్టుకునే చోటు

జూన్ 2

మరిది ఇవాళ టేపు తెచ్చి రైలుగది కొలిచాడు. పొడవు, వెడల్పు, తలుపు ఎత్తు. బల్లలు ముక్కలు చేయకుండా తలుపులోంచి పడతాయా లేదా అని చూడటానికట. నా ఇంట్లో, నా ఎదురుగా, నన్నే టేపు కొస పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను కూడా. అదీ నా తెలివి.

ఇరవై తొమ్మిదో తారీకు ఆదివారం రైలుబొమ్మల క్లబ్బు పెద్దాయన మనుషులతో వచ్చి, పట్టాలూ బల్లలూ ఇంజన్లూ మొత్తం తీసుకుపోతాడట. "మాట ఇచ్చాం కదా వదినా" అన్నాడు మరిది. ఎవరిచ్చారని అడిగాను. వాడు నా వంక అదోలా చూశాడు. నేను టేపు వదిలేశాను. అది సర్రున వెనక్కి పోయి వాడి వేలికి తగిలింది. కావాలని వదల్లేదు.

వాడి లెక్క వాడిది. మా ఆయనకి పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. రైలు నడవడం లేదు. గుమ్మంలో చక్రాల కుర్చీలో కూర్చుని రోజంతా దాన్ని చూస్తూ ఉంటే మనిషి ఇంకా కుంగిపోతాడు. గది ఖాళీ అయితే ఆయాని పెట్టుకుని ఆమెకి మంచం వేయొచ్చు.

"నడవని రైలుకి గది ఎందుకు వదినా?"

"నడుస్తుంది."

"ఎవరు నడిపిస్తారు?"

"నేను."

నవ్వాడు. ఆ నవ్వు కోసమైనా నడిపించి తీరతాను.

జూన్ 3

గదిలో వైర్లన్నిటికీ మళ్లీ నేనే టంకం పెడతానని ఆయనకి చెప్పాను. "వద్దు" అన్నాడు. ఆయన దగ్గర ఎన్ని మాటలు మిగిలాయో, మిగిలినవాటిలో ఎన్ని దాచుకుంటున్నాడో నాకు తెలియదు కానీ, ఈ ఒక్క మాట మాత్రం నిక్షేపంగా వస్తుంది. విన్నాను. వినడం వేరు, మానడం వేరు.

జూన్ 5

ఇది నా డైరీ. ఎవరూ చదవరు కాబట్టి గొప్పలు చెప్పుకోవచ్చు.

ఇరవై ఆరేళ్లు రేడియో ఫ్యాక్టరీలో సోల్డరింగ్ లైన్లో పనిచేశాను. మొదటి పదేళ్లు అతకడం, తర్వాత పదహారేళ్లు ఇతరులు అతికినవి తనిఖీ చేయడం. బాగాలేని అతుకు పక్కన ఎర్ర రంగు చుక్క పెట్టి వెనక్కి పంపేదాన్ని. లైన్లో నాకు ఎర్రచుక్క అని పేరు. నా ఎదురుగా ఎవరూ అనేవాళ్లు కాదు. ఆయన నీటి సరఫరా ఆఫీసులో పైపుల నక్షలు గీసేవాడు. రైలుగది మొదలుపెట్టిన కొత్తలో, వైర్లు నేను అతికి పెడతానని ఒకసారి అన్నాను. "నీది ఫ్యాక్టరీ పని, ఇది సున్నితం" అన్నాడు. సున్నితమట! గుండుసూది తలకాయంత చోట మూడు కాళ్లు అతికినదాన్ని నేను. ఆ తర్వాత పదిహేనేళ్లు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తనే అడగనీ అని కూర్చున్నాను. అడగలేదు.

ఇవాళ భూతద్దం, టార్చి పట్టుకుని లోపలికి వెళ్లాను. నాలుగు గోడల వెంబడీ నడుము ఎత్తున ప్లైవుడ్ బల్లలు, వాటి మీద పట్టాలు, మధ్యలో మనుషులకి జాగా. గుమ్మం దగ్గర పైకెత్తే పలక ఒకటుంది, అది ఎత్తితేనే దారి. ఆయన్ని కుర్చీతో లోపలికి తోస్తానన్నాను. వద్దన్నాడు. గుమ్మంలోనే ఉండి చూశాడు.

మూడో అతుకు దగ్గరే ఆగిపోయాను. డ్రై సోల్డర్. నాలుగోదీ అంతే, అయిదోదీ అంతే. మంచి అతుకు కొత్త స్టీలు గిన్నెలా మెరుస్తుంది, అంచులు వైరు మీదికి నున్నగా పాకుతాయి. ఇవన్నీ నమిలి అంటించిన చూయింగ్ గమ్ములా బూడిదరంగు ముద్దలు. పట్టా వేడెక్కకముందే టంకం ఐరన్ తీసేసేవాడన్నమాట. పట్టాల కింది స్లీపర్లు ప్లాస్టిక్‌వి, కరిగిపోతాయని భయం. వేడికి భయపడితే టంకం అతుక్కోదు, ఊరికే పైన కూర్చుంటుంది. కరెంటు వస్తే వస్తుంది, లేకపోతే లేదు.

సొరంగానికి ముందు ఇనప బ్రిడ్జి మీద ఇంజన్ ప్రతిసారీ ఆగిపోయేది. ఆయన కుడిచేతి చూపుడువేలితో వెనకనుంచి చిన్నగా తోసేవాడు. చూడ్డానికి ఎవరైనా వస్తే, "ఇంజన్ ఇక్కడ నీళ్లు పట్టుకుంటుంది, ఒక్క క్షణం" అనేవాడు. అందరూ నమ్మేవాళ్లు. నేను వంటగదిలో నవ్వుకునేదాన్ని. నేను నవ్వుకుంటున్నానని ఆయనకీ తెలుసు.

మొత్తం తొంభై నాలుగు అతుకులు. మా అమ్మాయి వదిలేసి వెళ్లిన గోళ్లరంగుతో ఎనభై ఏడింటికి ఎర్రచుక్క పెట్టాను. గుమ్మంలోంచి ఒక్కో చుక్కా చూస్తూనే ఉన్నాడు. జాలి పడలేదు నేను.

జూన్ 7

ఫ్యాక్టరీలో పని నా దగ్గరికి వచ్చేది. నేను కుర్చీలో కదలకుండా కూర్చుంటే బెల్టు మీద బోర్డు వచ్చి ముందు ఆగేది. ఇక్కడ పని కదలదు. ఐరన్, టంకం, పేస్టు, లైటు అన్నీ మోసుకుంటూ నేనే నాలుగు గోడల చుట్టూ తిరగాలి. గదిలో ప్లగ్గు ఒకటే, అదీ తలుపు వెనక. ఆయన ఐరన్‌ని సాసర్లో పెట్టి, సాసర్ని స్టూలు మీద పెట్టి, స్టూలుని కాలితో జరుపుకుంటూ పోయేవాడు. స్టేషన్ పైకప్పుకున్న నల్ల చిల్లు ఆ పద్ధతి పుణ్యమే.

నాకు చక్రాలున్న పని బల్ల కావాలి. ఇల్లంతా వెతికి, చివరికి పడకగది మూలన చూశాను. మంచంలో కూర్చుని తినడానికని ఆయన కోసం తెచ్చిన ఆసుపత్రి బల్ల. ఒంటికాలి మీద నిలబడుతుంది, అడుగున చక్రాల పాదం ఏ మంచం కిందికైనా దూరుతుంది, ఎత్తు తగ్గించొచ్చు, పెంచొచ్చు. తెచ్చిన రోజే ఎడమచేత్తో ఒక్క తోపు తోశాడు, అది గోడకి కొట్టుకుంది. అప్పట్నుంచి దాని మీద మడిచిన దుప్పట్లు పెడుతున్నాను. మంచం కిందికి దూరే పాదం రైలు బల్ల కిందికి దూరదా?

దూరింది. దానికోసమే చేసినట్టు.

జూన్ 8

సామాను తయారైంది. రాసుకుంటాను, ఎవరూ మెచ్చుకోకపోయినా.

బల్ల అంచుల చుట్టూ వేలెడంత ఎత్తున చెక్కబద్ద కొట్టాను, ఏదీ దొర్లి పడకుండా. కుడివైపు బాత్రూములో మిగిలిన గచ్చు పలక ఒకటి అంటించి, దాని మీద స్ప్రింగు స్టాండు బిగించాను. ఐరన్ నాదే, ఫ్యాక్టరీ మూసేసిన రోజు సంచిలో వేసుకొచ్చింది. దాని కొసనుండే బిట్ తుడవడానికి వంటింటి స్పాంజి పెడితే కరిగి అంటుకుంటుంది కాబట్టి, బిళ్లల రేకుడబ్బాలో తడి నూలుగుడ్డ మడిచి పెట్టాను. వేడి స్లీపర్ల దాకా పాకకుండా అతుకుకి అటూ ఇటూ పట్టాకి తగిలించడానికి నా జడ క్లిప్పులు. పాత కంప్యూటర్లోని ఫ్యాను ఎడమవైపు, పొగ మొహానికి కొట్టకుండా. ఆయన మందుల కోసం ఏడు రోజులకి ఏడు గదులున్న డబ్బా ఒకటి కొన్నాను, దాన్నీ ఆయన ముట్టుకోలేదు. ఇప్పుడు సోమవారంలో ఎర్ర వైరు ముక్కలు, మంగళవారంలో నల్లవి, బుధవారంలో స్క్రూలు. ఆదివారం ఖాళీ.

రోగానికని కొన్నవేవీ ఆయన వాడలేదు. నేను వాడుతున్నాను.

మొదటి అతుకుకే చెయ్యి కాలింది. బల్ల జరుపుతుంటే చక్రం ఐరన్ తీగ మీదికెక్కి లాగేసింది. పడుతున్న ఐరన్‌ని పట్టుకోబోయాను. ఇరవై ఆరేళ్లలో చేయని తప్పు. మోచేతి కింద రెండంగుళాలు బొబ్బ. ఫ్యాక్టరీలో తీగ పైనుంచి వేలాడేది, ఇక్కడ నేలమీద పాకుతోంది. హాస్పిటల్నుంచి వచ్చిన కొత్తలో తెచ్చిన సెలైన్ స్టాండుని బల్లకి కట్టి, తీగని దాని కొక్కేనికి వేలాడదీశాను. ఇప్పుడు ఎటు జరిపినా తీగ నెత్తిమీదే ఉంటుంది.

చెయ్యి కాలినప్పుడు ఆయన గుమ్మంలోంచి "వద్దు, వద్దు" అని రెండుసార్లు అన్నాడు.

జూన్ 9

మరిది ఫోన్. ఆ రోజు హాస్పిటల్ వరండాలో అనుకున్న మాటే కదా అంటాడు. నాకు గుర్తులేదు.

జూన్ 11

అమ్మాయి ఫోన్ చేసి అరగంట చీవాట్లు పెట్టింది. బాబాయి చెప్పాడట, అమ్మ చేతులు కాల్చుకుంటోందని. ఈ వయసులో అవసరమా, నాన్న వద్దంటుంటే ఎందుకు, క్లబ్బులో అయితే అవి పదిమందీ చూస్తారు కదా. అంతా విని, భోజనం చేశావా అని అడిగాను. దానికి ఒళ్లు మండింది.

"ఎవరికోసం చేస్తున్నావమ్మా ఇదంతా?"

"మీ బాబాయి నోరు మూయించడానికి."

"అంతేనా?"

"అంతే."

అంతే.

జూన్ 12

ముప్ఫై ఎనిమిది అతుకులు. ఒక్క స్లీపరు కూడా కరగలేదు.

జూన్ 14

పట్టాల కిందికి దిగే వైర్లు ప్లైవుడ్ అడుగున రెండు పెద్ద తీగలకి కలుస్తాయి, ఎర్రది ఒక పట్టాకి, నల్లది ఇంకో పట్టాకి. అక్కడి అతుకులన్నీ వెల్లకిలా పడుకుని చేయాలి. అందుకని ఆసుపత్రి బల్లని అడుగంటా దించి, పాత పరుపు పరిచి, దూరాను. అరవై రెండేళ్ల మనిషిని. లేచేటప్పటికి ఎముకలన్నీ ఒకసారి హాజరు వేయించుకున్నాయి.

ఇరవై ఒకటి అతికి, పైకి వచ్చి, స్విచ్చి వేశాను. టక్ మని పడిపోయింది. మళ్లీ వేశాను. టక్. ఎక్కడో ఎర్రా నల్లా కలిసిపోయాయి.

జూన్ 15

టక్. టక్. టక్. పొద్దున్నుంచీ ఇదే పాట. ఒక్క అతుకులోనూ తప్పు లేదు, అన్నీ స్టీలు గిన్నెల్లా మెరుస్తున్నాయి. మరిది వచ్చి చూసి, జేబులోంచి టేపు తీసి తలుపు ఎత్తు మళ్లీ కొలుచుకున్నాడు.

జూన్ 16

దొరికింది. దొరికించింది నేను కాదు.

పొద్దున కింద పడుకుని తిట్టుకుంటూ ఉన్నాను. గుమ్మంలోంచి ఆయన తలుపు చెక్క మీద టకటకమని కొట్టాడు. "కిటికీ" అన్నాడు. కిటికీ తీయమంటున్నాడనుకుని లేవబోయాను. విసుగ్గా తల అడ్డంగా ఊపాడు. ఎడమచేత్తో బల్ల అడుగు చూపించాడు. "కింద. కిటికీ."

టార్చి వేసి చూశాను. ప్లైవుడ్ అడుగున, నేను అతికిన చోట్ల పక్కనే, పెన్సిల్‌తో సన్నటి అక్షరాలు: "ఇటు కిటికీ". బాణం గుర్తు. రెండడుగుల అవతల మళ్లీ "ఇటు కిటికీ". గది చుట్టూ అలా పద్నాలుగు చోట్ల.

వెల్లకిలా పడుకుంటే కుడి ఎడమవుతుంది. ఫ్యాక్టరీలో బోర్డు ఎప్పుడూ ఒకేలా వచ్చేది, నేను ఎన్నడూ దాని కింద దూరలేదు. కిటికీ ఎటో తెలిస్తే గోడవైపు పట్టా ఏదో తెలుస్తుంది, ఎర్రది దానికి వెళ్లాలి. నేను ఆరుచోట్ల లోపలివైపు పట్టాకి వేశాను. ఆయన కూడా ఒకప్పుడు ఇక్కడే, ఇలాగే పడుకుని, ఇలాగే తిట్టుకుని, ఆ తర్వాతే ఈ బాణాలు గీసుకుని ఉంటాడు. నాకు ఎప్పుడూ చెప్పలేదు.

నక్షలు గీసే చేతివ్రాత అది. ఒక్క గీత వంకరపోదు. టార్చి ఆర్పేసి కాసేపు అక్కడే పడుకున్నాను. ఏడ్చాను కూడా, రాసుకుంటే తప్పేముంది.

జూన్ 18

గుర్తుంది.

ఆయన ఆ రోజు బ్రిడ్జి దగ్గర ఐరన్ పట్టుకుని ఉండగా పడిపోయాడు. నేను వెళ్లేసరికి ఒళ్లంతా ఒక పక్కకి వాలి ఉంది, ఐరన్ నేలమీద పడి గచ్చుని కాలుస్తోంది. ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. హాస్పిటల్ వరండాలో మరిది, ఆ గది సంగతి ఏం చేద్దామన్నాడు. తీసుకుపోండి, క్లబ్బుకే ఇచ్చేయండి, ఆ దిక్కుమాలిన రైళ్లు నా కళ్లముందు ఉండకూడదు అన్నాను. ఎవరూ నా చేత అనిపించలేదు. నేనే అన్నాను.

జూన్ 19

ఎనభై ఆరు. బ్రిడ్జి దగ్గరి అతుకు ఒక్కటే మిగిలింది. అక్కడ నేల మీద ఆ మచ్చ ఉంది. రేపు చేస్తాను.

జూన్ 20

వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి పది గంటలకి వచ్చింది. మంచి పిల్ల, ఓపిక ఎక్కువ. ఆయన కుడిచేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కమంటుంది. మూడు నెలలుగా ఆ బంతి రోజూ మంచం కిందికి దొర్లుతోంది, రోజూ ఆమె వంగి తీస్తోంది. ఇవాళా అంతే.

బ్రిడ్జి తప్ప అంతా అయింది కదా, ఒకసారి నడిపి చూద్దామని ఆయన్ని అడక్కుండానే పలక ఎత్తి కుర్చీ లోపలికి తోసేశాను. వద్దనలేదు. కుర్చీ పట్టే జాగా ఒకటే, దాంతో ఆయన కుడిభుజం బ్రిడ్జి పక్కకి వచ్చింది. స్విచ్చి వేశాను. ఇంజన్ కదిలింది. కిటికీ గోడ, మూల, స్టేషన్, రెండో మూల. పదిహేనేళ్లలో ఆ మూల దగ్గర తడబడకుండా పోవడం ఇదే మొదటిసారి. నాకు గర్వంగా ఉంది, ఉండదా మరి. తర్వాత బ్రిడ్జి ఎక్కి ఆగిపోయింది.

నేను తోయబోయాను. ఫిజియో అమ్మాయి నా కాలిన చెయ్యి పట్టుకుని ఆపింది. నొప్పితో అరవబోయి, చూసి, ఆగిపోయాను.

ఆయన ఒళ్లో పడి ఉన్న కుడిచెయ్యి లేస్తోంది. భుజం ముందు, తర్వాత మోచెయ్యి, చివర్న మణికట్టు. బల్ల అంచుకి కొట్టుకుంది, జారింది, మళ్లీ ఎక్కింది. ముడుచుకున్న పిడికిలిలోంచి ఒక్క వేలు బయటికొచ్చింది. ఇంజన్ని తోసింది. ఇంజన్ సొరంగంలోకి పోయింది.

ఆయన తన చేతిని తనే చూడలేదు. సొరంగం అవతలి వైపు చూస్తున్నాడు, ఇంజన్ వస్తుందా లేదా అని.

"ఇంకోసారి" అంది ఫిజియో అమ్మాయి. పదకొండు చుట్లు తిప్పాం. ఎనిమిదిసార్లు ఆయనే తోశాడు, మూడుసార్లు నేను. బంతిని మళ్లీ బయటికి తీయలేదు.

జూన్ 22

బ్రిడ్జి దగ్గర బల్ల పెట్టుకున్నాను. ఐరన్ వేడెక్కింది. క్లిప్పులు పెట్టాను, పేస్టు రాశాను. నాలుగు సెకన్ల పని. ఆ అతుకు వేస్తే రైలు ఎక్కడా ఆగదు, క్లబ్బు పెద్దాయన ముందు మరిది నోరు లేవదు. ఆ అతుకు వేయకపోతే వాళ్ల ముందు ఆగుతుంది.

బిట్ అరిగిందని స్విచ్చి తీసేశాను. బిట్ అరగలేదు.

జూన్ 23

చేయలేదు.

జూన్ 25

ఇవాళ చెప్పేశాను. ఆయనకి మొహం కడిగి, ఎదురుగా కూర్చుని, హాస్పిటల్ వరండాలో నేను అన్న మాట అన్నట్టుగా చెప్పాను. దిక్కుమాలిన అన్న మాటతో సహా.

"విన్నా" అన్నాడు.

"ఎప్పుడు?"

"అప్పుడే. స్ట్రెచర్."

గోడ పక్కనే ఉన్నాడు. స్పృహ లేదనుకున్నాం. ఈ మూడున్నర నెలలూ ఆ మాట కడుపులో పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని, నన్ను చూస్తున్నాడు.

"అందుకేనా వద్దు వద్దన్నారు?"

చాలాసేపు పట్టింది ఆయనకి. "బాగుచేసి... పంపుతావని."

పంపేయడానికే ముస్తాబు చేస్తున్నాననుకున్నాడు. అలా అనుకుంటూ కూడా, నా ఆరు తప్పులు చూసి ఊరుకోలేక కిటికీ చూపించాడు. ఆయనకి ఏం చెప్పాలో తెలియక, "పంపను, మీ తమ్ముడు కాదు, వాడి తాత వచ్చినా పంపను" అన్నాను. వాడి తాతా ఈయన తాతా ఒకరేనని అన్నాక తట్టింది. ఆయన మూతి ఒకవైపే నవ్వుతుంది ఇప్పుడు. అటువైపు నవ్వాడు.

జూన్ 29

వచ్చారు. మరిది, క్లబ్బు పెద్దాయన, తాళ్లూ దుప్పట్లూ పట్టుకుని ఇద్దరు మనుషులు. పెద్దాయన మర్యాదస్తుడు. ముందు ఆయనకి నమస్కారం పెట్టి, తర్వాత జేబులోంచి భూతద్దం తీసి పట్టాల మీదికి వంగాడు. ఒక మూలనుంచి ఇంకో మూలదాకా వెళ్లాడు. ఎవరు అతికారని అడిగాడు. మరిది నన్ను చూపించాడు. సెలైన్ స్టాండుతో, గచ్చు పలకతో, జడ క్లిప్పులతో నా బల్ల గోడవార నిలబడి ఉంది. పెద్దాయన దాని చక్రాలదాకా చూసి, తల పంకించాడు.

నేను ఇవ్వనని చెప్పాను. మాట ఇచ్చింది నేనే, వెనక్కి తీసుకుంటున్నదీ నేనే, తిట్టేదుంటే నన్ను తిట్టండి అన్నాను. మరిది మొహం ఎర్రబడింది. నడవని దాన్ని పెట్టుకుని ఏం చేస్తావన్నాడు. ఆయన కుర్చీని బ్రిడ్జి పక్కకి తోశాను. స్విచ్చి వేశాను.

కిటికీ గోడ. మూల. స్టేషన్. రెండో మూల. ఎక్కడా తొణకలేదు. బ్రిడ్జి ఎక్కి ఆగింది.

"చూశారా," అన్నాడు మరిది పెద్దాయనతో, "చెప్పాను కదా."

"ఆగలేదు," అన్నాను. "ఇంజన్ ఇక్కడ నీళ్లు పట్టుకుంటుంది. ఒక్క క్షణం."

ఒక్క క్షణం కాదు. నేను లోపల నలభై ఏడు లెక్కపెట్టాను. నలుగురు మగవాళ్లు ఒక వేలు వైపు చూస్తూ నిలబడ్డారు. రెండుసార్లు జారింది. మరిది సాయం చేయబోయి చెయ్యి చాచాడు, నేను వాడి మణికట్టు పట్టుకున్నాను, ఫిజియో అమ్మాయి నన్ను పట్టుకున్నట్టే. వేలు తగిలింది. ఇంజన్ సొరంగంలోకి పోయింది, అవతల బయటికి వచ్చింది.

మరిది చెయ్యి నా చేతిలోనే ఉండిపోయింది. "అన్నయ్య చెయ్యి" అన్నాడు. వాడూ మంచివాడే. వాడి టేపే నాకు పడదు.

పెద్దాయన తన మనుషులకి సైగ చేశాడు, తాళ్లు చుట్టేశారు. వెళ్తూ వెళ్తూ, క్లబ్బులో కూడా అతకాల్సినవి చాలా ఉన్నాయి, ఒకసారి రాగలరా అని అడిగాడు. బల్లకి చక్రాలున్నాయి, ఈయన వస్తానంటే ఇద్దరం వస్తామన్నాను. ఆయన వద్దనలేదు.

మరిది టేపు కిటికీలో మర్చిపోయి వెళ్లాడు. ఇవ్వను.

జూన్ 30

పొద్దున ఆయనకి టీ ఇచ్చి రైలుగదిలోకి వెళ్లాను. ఎనభై ఆరు ఎర్రచుక్కలు ఎప్పుడో తుడిచేశాను, బ్రిడ్జి దగ్గరిది ఒక్కటే ఉంది. మళ్లీ భూతద్దం పెట్టి చూశాను. డ్రై సోల్డరే, అనుమానం లేదు. బూడిదరంగు ముద్ద, పట్టాకి అంటీ అంటనట్టు. పదహారేళ్లు తనిఖీ బల్ల దగ్గర ఇలాంటిదాన్ని ఒక్కదాన్ని కూడా వదల్లేదు.

గోరుతో ఆ చుక్క గీకేశాను. పాస్.